పన్నెండో అర

ఆటోనగర్‌లో మా స్టోరు గదికి ఒకటే కిటికీ.
పన్నెండో అరలో
పెట్టె ఉండాల్సిన చోట పెట్టె ఆకారం ఉంది:
చుట్టూ ధూళి, మధ్యలో నున్నటి చదరం.
ఎనిమిది నెలలుగా దాన్ని తుడవనివ్వడు అప్పలసూరి.
"ఉండనీండి మేడమ్, గురుతుకి."

అయస్కాంతం.
బొటనవేలి గోరంత.
సమేరియం అనే మాట నేనూ ఉద్యోగంలో చేరాకే విన్నాను,
మా నాన్నయితే అదెవరో కాన్వెంటు పిల్ల పేరనుకున్నాడు.
అది లేక మోటారు తిరగదు,
మోటారు తిరగక పంపు లేదు,
పంపు రాక, అటు డాక్‌యార్డులో
నీళ్లు తోడేసిన గుంటలో దిమ్మెల మీద ఒక ఓడ,
పీటల మీద కూర్చోబెట్టాక
ముహూర్తం దాటిపోయిన పెళ్లికొడుకులా.

మొదట్లో ధర పెరిగింది.
పెరిగినప్పుడు భయపడలేదు, బేరమాడాను.
తర్వాత ధర చెప్పడమే మానేశారు.
అప్పుడు భయమేసింది.

ఇప్పుడు ఫారం పంపారు, పదకొండు పేజీలు.
ఎవరు వాడతారు? దేంట్లో? ఏ ఊళ్లో?
యుద్ధానికి వాడబోమని ప్రమాణం చేస్తారా?
"పంపు అని రాసెయ్యండి, పంపు పంపేగా"
అంటాడు మా యజమాని, టీ చల్లార్చుకుంటూ.
ప్రతిసారీ నా పెన్ను ఆ గడి దగ్గరే ఆగుతుంది.
రేపు ఎవరికి గురిపెట్టాలో
వాళ్ల గుమ్మంలోనే నిలబడి
అల్లెతాడు అరువడగడం
ఏ రాజనీతిలో రాశారో.

ఆదివారం భీమిలి వెళ్లాను,
గోస్తని సముద్రంలో కలిసే వైపు.
మైలపల్లి పోలమ్మ నెత్తళ్లు ఎండబెడుతోంది.
ఆవిడ మనవరాలు పగిలిన స్పీకరులోంచి ఊడబీకిన అయస్కాంతానికి
వలతాడు కట్టి ఇసకలో ఈడుస్తోంది.
అల వెనక్కి తీసినచోట
కాటుక చెదిరినట్టు నల్లటి చారలు.
వాటి మీదుగా లాగేసరికి
అయస్కాంతానికి నూగు మొలిచింది.
"సూడమ్మా, గొంగళిపురుగు!"

నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను కదా.
అంటుకున్నదంతా ఇనపరజనే, పాపా.
అంటుకోకుండా జారిపోయిందే,
ఆ పసుపుపచ్చ గింజ,
దాని కడుపులో ఉంది అయస్కాంతాలకి తల్లి.

పిల్ల నన్ను అనుమానంగా చూసి
గొంగళిపురుగుతోనే ఆడుకుంది.

చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే
అనుకుని నవ్వుకోబోయాను.
కానీ ఈ పిల్ల చంక దిగదు.
ఇసకలోంచి గింజని, గింజలోంచి మట్టిని,
ఆ మట్టిలో ఒకే పోలికతో పుట్టిన
పదిహేనుమంది అన్నదమ్ముల్ని విడదీయడానికి
యాసిడ్లు కావాలి, ఏళ్లు కావాలి,
ఆ పని ముప్పై ఏళ్లుగా చేసిన చేతులు కావాలి.
ఆ చేతులు ఫారం పంపినవాళ్ల దగ్గరున్నాయి.

పోలమ్మ అంతా వింటూనే ఉంది.
"అయితే తవ్వుతారేటి?"
తెలీదన్నాను.
"మొన్న తుఫానుకి రెండు పాకలు పోనాయి.
ఉన్న ఇసక కూడా ఎత్తుకుపోతే
సముద్రాన్ని ఎవులాపుతారు? మీ ఓడాపుతాదా?"

నెత్తళ్లు తిరగేసింది.
అవతలివైపు ఇంకా వెండిలా తడిగా ఉన్నాయి.
దేశం, రక్షణ, తీరం:
నోటి దాకా వచ్చినవన్నీ
ఆ చేపల ముందు మాటలయిపోయాయి.
శేరు నెత్తళ్లు కొనుక్కుని బస్సెక్కాను.

సోమవారం.
చెప్పుల్లోంచి రాలిందో, చీరకుచ్చిళ్లలోంచో,
పన్నెండో అర శుభ్రమైన చదరంలో
నాలుగు ఇసక రేణువులు.
అప్పలసూరి గుడ్డ తీసుకున్నాడు. నా మొహం చూశాడు.
గుడ్డ భుజాన వేసుకున్నాడు.

నిల్వ: సున్నా, అని రిజిస్టరులో రాశాను.
పదకొండు పేజీలు ముందుకి లాక్కున్నాను.
హార్బరు వైపునుంచి కూత వినిపించింది.
ఎవరిదో,
మోటారు తిరిగే ఓడ.